ముప్పావు మిల్లీమీటరు

మా ఆయన గరాజ్‌లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంటే నాకు ఒళ్ళు మండేది. లోపల ఉన్నది మనిషి కాదు, బల్ల మీద బిగించిన, ఇనుము కోసే ఒక చిన్న మిల్లింగ్ మెషీన్. అయినా మండేది. నాతో పొడిపొడిగా నాలుగు ముక్కలు మాట్లాడే మనిషి దాని ముందు నిలబడితే తనలో తను నవ్వుకునేవాడు, ఈల వేసేవాడు. గరాజ్‌లో హీటర్ లేదు. భూగోళానికి అడుగున ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో జూన్ అంటే నడి చలికాలం, పెరట్లో నీళ్ళ గొట్టం గడ్డకట్టే చలి. ఆ చలిలో ఆయన ఈల వేసుకుంటుంటే, నేను ఇంట్లో వెచ్చగా దుప్పటి కప్పుకుని కూర్చుని ఆ ఈల వింటూ ఉండేదాన్ని.

మే నెలలో దుర్గేష్ పనిచేసే వర్క్‌షాప్ మూతబడింది. ఇక్కడి పాలిటెక్నిక్‌లో చదువు ముగించినప్పటినుంచీ ఆయన చేసిందంతా అక్కడే, ఒకే పెద్ద మెషీన్ మీద. మా పడగ్గదంత ఉండేదది. అద్దంలోంచి చూస్తే లోపల ఇనుము సొరకాయలా తరుక్కుపోయేదని మురిసిపోతూ చెప్పేవాడు. దాన్ని లారీ ఎక్కించి ఉత్తరానికి పంపేసిన రోజు, ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుండిపోయాడు. ఆ తర్వాత పల్లెలకి కొరియర్ వాన్ నడిపే పనిలో చేరాడు. జీతం తక్కువేం కాదు. కానీ వాన్ దిగి వచ్చాక తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకునేవాడు, ఎక్కడో ఏదో మర్చిపోయి వచ్చినట్టు.

ఒక ఆదివారం దగ్గర్లోని రివర్టన్ వెళ్ళి, ఎవరో పెద్దాయన అమ్మకానికి పెట్టిన ఈ మెషీన్‌ని ట్రైలర్‌లో వేసుకొచ్చాడు.

“ఏం చేస్తారు దీంతో?” అన్నాను.

“ఏదో ఒకటి. చేతులు ఊరుకోవు కదా ఇందూ.”

నా చేతుల కోసం ఎవరూ ఏమీ కొనలేదు. నేను సూపర్‌మార్కెట్ బేకరీలో పనిచేస్తాను. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేస్తాను. తణుకులో బీకాం చదివిన నాకు ఈ ఊళ్ళో దొరికిన పని అది, చెడ్డ పనేం కాదు. కానీ నువ్వేం చేస్తావని నన్ను ఎవరైనా అడిగితే, “బేకరీలో పనిచేస్తున్నా” అంటాను. దుర్గేష్‌ని అడిగితే “మెషినిస్ట్‌ని” అనేవాడు. వర్క్‌షాప్ పోయి వాన్ నడుపుతున్నప్పుడు కూడా అలాగే అనేవాడు. ఆ “ని” మీద నాకు పెళ్ళయినప్పటినుంచీ అసూయ. నేను ఎప్పుడూ దేన్నీ “ని” కాలేదు.

జూన్ మధ్యలో శ్రీవత్స వచ్చాడు. చిత్తూరు వైపు కుర్రాడు, ఎడెండేల్ దగ్గర పెద్ద పాల ఫారంలో మేనేజరు. ఆగస్టులో ఆవుల ఈతలు మొదలవుతాయి. వందల కొద్దీ లేగదూడలకి పాలు పట్టడానికి ట్యాంకు బండ్లుంటాయి వాళ్ళకి. ఆ బండి మీద ఇంజన్‌నీ పాల పంపునీ కలిపే ఇనుప కప్లింగులు అరిగిపోయాయట. తన ఫారంవీ పక్క ఫారాలవీ కలిపి ఒక పెట్టెడు గుండ్రటి దిమ్మలు లేత్ మీద తిప్పించి తెచ్చాడు. వాటి ముఖాన గాడులు కోస్తే చాలు. ఊళ్ళో వర్క్‌షాపులన్నీ ఈతల ముందు పనులతో నిండిపోయి ఉన్నాయి.

“నీ చేతిలో పనేగా అన్నా,” అన్నాడు శ్రీవత్స.

“ఒక్కోటీ పది నిమిషాలు,” అన్నాడు దుర్గేష్.

మర్నాడు సాయంత్రం టీ తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. దుర్గేష్ నా బొటనవేలికి రెండింతల లావున్న కట్టర్ బిగించాడు. మూడు మిల్లీమీటర్లు కిందికి దించి, చక్రం తిప్పుతూ దిమ్మని కట్టర్ మీదికి నడిపాడు. మెషీన్ కెవ్వుమంది. బల్ల వణికింది. కట్టర్‌ని తిప్పే స్పిండిల్ అలా తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోయింది. ఆయన వెనక్కి లాగి మళ్ళీ ముందుకి నడిపాడు. మళ్ళీ ఆగింది. మూడోసారి ఫ్యూజు పోయి గరాజ్ అంతా చీకటైపోయింది.

“బొమ్మ! ఉత్త బొమ్మ ఇది,” అన్నాడు చీకట్లోంచి.

“మా బేకరీ మిక్సర్ కూడా ఇలాగే అరుస్తుందండీ,” అన్నాను టీ కప్పు ఎక్కడ పెట్టాలో తడుముకుంటూ. “మెత్తటి పిండికి నిండా వేసుకోవచ్చు. బేగెల్స్ పిండి గట్టిగా ఉంటుందిగా, దానికి సగమే వెయ్యాలి. లేకపోతే మోటారు మూలిగి ఆగిపోద్ది.”

“ఇది పిండి కాదు ఇందూ.”

“మోటారు మోటారేగా.”

ఆయన టార్చి వెలిగించి ఫ్యూజు వెతుక్కున్నాడు. ఆ పెట్టెలో దిమ్మలు అలాగే ఉండిపోయాయి. ఆ వారమంతా సాయంత్రాలు కెవ్వుమనే అరుపులూ, విరిగిన కట్టర్లూ, ఈల లేకపోవడమూ.

నేనెందుకు ముట్టుకున్నానంటే, నాకూ సరిగ్గా తెలీదు. మధ్యాహ్నం బేకరీ నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉండేది. గరాజ్‌లోకి వెళ్ళి దాని ముందు నిలబడ్డాను, సవతిని మొదటిసారి దగ్గర్నుంచి చూస్తున్నట్టు. వెనక ఒక రేకు ముక్క మీద ‘500 వాట్లు’ అని ఉంది. అంతకుముందు ఏడాది కరెంటు బిల్లు చూసి భయపడి, హీటర్ ఎంత తాగుతోందో తెలుసుకోవడానికి ప్లగ్గుకి తగిలించే చిన్న మీటరొకటి కొన్నాం. దాన్ని తెచ్చి మెషీన్ ప్లగ్గుకి తగిలించాను. మోటారు ఊరికే తిరుగుతుంటే నూటపది చూపించింది.

దుర్గేష్ పారేసిన అల్యూమినియం ముక్క ఒకటి బిగించాను. ఆయన అలమరలోంచి చిన్న కట్టర్ తీసుకున్నాను, పది మిల్లీమీటర్లది. మా ఆయన చేస్తుండగా వెనక నిలబడి చూసిన చూపే నాకున్న చదువు. అర మిల్లీమీటరు దించి చక్రం తిప్పాను. మీటర్లో అంకె కొంచెం పెరిగింది. తెల్లటి పొట్టు రివ్వున ఎగిరి నా స్వెట్టర్ మీద పడింది. ఇంకాస్త దించాను. అంకె ఇంకాస్త పెరిగింది. ఎక్కడ మోటారు గొంతు మారుతుందో అక్కడ ఆపాను. ఆ గొంతు నాకు తెలుసు. రోజూ తెల్లవారుజామున వినే గొంతే అది.

రోజూ కాసేపు అదే పని. ఫోన్‌లో వెతికి చదివేదాన్ని. కోత వెడల్పు, లోతు, నిమిషానికి బల్ల జరిగే దూరం, ఈ మూడూ హెచ్చవేస్తే నిమిషానికి ఎంత లోహం తీస్తున్నామో వస్తుంది. అల్యూమినియం కంటే ఇనుము మూడు నాలుగు రెట్లు బలం అడుగుతుంది. మోటారు మీద రాసిన వాట్లన్నీ కట్టర్ దాకా రావు, దార్లో బెల్టూ బేరింగులూ వాటి వాటా అవి తినేస్తాయి. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి. లావు కట్టర్‌ని ఇనుములో నెమ్మదిగా తిప్పాలి. కానీ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఈ చిన్న మోటారు తన బలంలో సగం కూడా ఇవ్వలేదు. అంటే దుర్గేష్ దాన్ని బలం లేని చోట పట్టుకుని బరువు మొయ్యమంటున్నాడు. సన్నటి కట్టర్ పెట్టి, వేగం పెంచి, తక్కువ లోతు తీస్తే అదే మోటారు హాయిగా పాడుకుంటూ పోతుంది.

ఒక శనివారం ఆయనకి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“అక్కడి మెషీన్‌కి ఇరవై కిలోవాట్లుండేది,” అన్నాడు నెమ్మదిగా. “మోటారు సరిపోతుందా అని ఎప్పుడూ అడగాల్సిన పనే రాలేదు. సరే, చెయ్యి చూద్దాం.”

ఆ శనివారం మా కాపురంలో ఒక మంచి రోజు. ఆయన పక్కన నిలబడి నాకు దిమ్మని పట్టి ఉంచే వైస్ తిన్నగా ఉందో లేదో ఎలా సరిచూసుకోవాలో చూపించాడు. కోసిన అంచుల కరుకుదనం ఆకురాయితో ఎలా తియ్యాలో, దిమ్మని బిగించాక దాని మీద సుత్తితో ఎంత మెత్తగా తట్టాలో నేర్పాడు. ఆయన వేళ్ళు కళ్ళున్నట్టు పనిచేస్తాయి. దిమ్మ ఒక వెంట్రుకవాసి పైకి లేచి ఉంటే చూడకుండానే తెలిసిపోతుంది ఆయనకి. నాకు ఆ వేళ్ళ మీద అసూయ పుట్టింది. మీటర్లో అంకెలు చూసుకుని నేను తెలుసుకునేదాన్ని ఆయన గోరుతో తాకి తెలుసుకుంటున్నాడు.

మొదటి గాడి నేనే కోశాను. ముప్పావు మిల్లీమీటరు చొప్పున దించుకుంటూ, మీటరు రెండువందల యాభై దాటకుండా. చాలాసేపు పట్టింది. దుర్గేష్ వెర్నియర్ పెట్టి కొలిచాడు. అటు తిప్పి కొలిచాడు, ఇటు తిప్పి కొలిచాడు.

“బానే ఉంది,” అన్నాడు.

తర్వాత గుడ్డ తీసుకుని మెషీన్ అంతా తుడిచాడు. చక్రాల పిడులు కూడా తుడిచాడు. నేను చెయ్యి వేసిన చోటల్లా తుడిచాడని నాకు అనిపించింది. అది నా అనుమానమేమో అనుకున్నాను అప్పుడు.

అనుమానం కాదు. జూలై వచ్చేసరికి పెట్టెలో దిమ్మలు ఒక్కోటీ పూర్తవుతున్నాయి, మధ్యాహ్నాలు నా చేతిలో. ఆయన చేస్తానన్న సాయంత్రాలు మాత్రం ఏదో ఒక పని అడ్డం వచ్చేది. పది మిల్లీమీటర్ల కట్టర్ ఒకరోజు దాని చోట లేదు. ఆయన జాకెట్ జేబులో దొరికింది. “పదును చూద్దామని తీశా,” అన్నాడు. ఇంకోరోజు వైస్ పక్కకి తిరిగి ఉంది. నేను ఏ మాటన్నా దానికి సరైన పేరు చెప్పేవాడు. “దాన్ని చక్రం అనరు. హ్యాండ్‌వీల్.” “అది గాడి కాదు, స్లాట్.” ఏ దిమ్మలు ఏ ఫారంవో గుర్తులు కలిసిపోయాయని శ్రీవత్స ఒకసారి వచ్చాడు. దుర్గేష్ ఎదురుగా ఉన్నాడు. శ్రీవత్స ఆయన భుజం మీదుగా నావైపు చూసి, “అక్కా, ఎప్పటికి అయితాయి?” అన్నాడు.

దుర్గేష్ లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నాడు. శబ్దం ఎక్కువగానే పెట్టుకున్నాడు.

ఇక్కడి మూలవాసుల కొత్త సంవత్సరం, మతారికి సెలవుకి నిరుపమ వాళ్ళింట్లో భోజనాలు. మా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరూ రెండు గదుల్లో సరిపోతారు. నిరుపమ నాకు పులిహోర వడ్డిస్తూ, “ఏంటి ఇందూ, ఇనుము కోస్తున్నావంట! శ్రీవత్స చెప్పాడు. మా ఆయనైతే మేకు కూడా కొట్టలేడు,” అంది అందరికీ వినపడేట్టు. అందరూ నావైపు తిరిగారు. నాకు చెంపలు వేడెక్కాయి. సంతోషంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి.

“కొయ్యడం కాదులెండి,” అన్నాడు దుర్గేష్ నవ్వుతూ, ప్లేటులో పెరుగన్నం కలుపుకుంటూ. “మా ఆవిడ కొబ్బరి తురుముతుంది. ముప్పావు మిల్లీమీటరు! మేం కోస్తే కొబ్బరికాయే పగిలేది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వస్తుంటే రోడ్డు మీద మంచు తళతళలాడుతోంది.

“ఎందుకన్నారు అలా?” అన్నాను.

“జోకు వేశాను.”

“నామీద కోపమా, మోటారు మీదా?”

ఎర్రలైటు దగ్గర కారు ఆగింది. రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు. ఆయన స్టీరింగ్ మీద వేళ్ళు చూసుకుంటూ, “నీమీదే. నాకు వచ్చింది అదొక్కటే ఇందూ. నీకు అదీ వచ్చేస్తే ఎలా?” అన్నాడు.

లైటు పచ్చగా మారింది. ఆయన పోనిచ్చాడు. నాకు జాలి వెయ్యాల్సింది. వెయ్యలేదు. నాకు ఇన్నాళ్ళూ ఒక్కటి కూడా లేదే, నేనెలా బతికాను అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ రోజు తర్వాత ఆయన గరాజ్‌లోకి రావడం మానేశాడు.

ఆగస్టులో దక్షిణం గాలి తిరిగింది. వడగళ్ళలాంటి వాన ఏటవాలుగా కొడుతుంటే ఈతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం నేను బేకరీ నుంచి వచ్చి తలకి తువ్వాలు చుట్టుకుంటుండగా శ్రీవత్స ఫోన్ చేశాడు. వెనక దూడల అంబారావాలు గోలగోలగా వినపడుతున్నాయి.

“అక్కా, నువ్వు చేసిచ్చినవి బ్రహ్మాండంగా ఉండాయి. కానీ మా పాత బండి ఉంది గదా, దాని గొట్టం కప్లింగు నిలువునా పగిలిపోయింది. దాని మోడలే వేరు. ఆక్లాండ్ నుంచి రావాల్నంటే వారం. నూరు దూడలకి పైగా ఉండాయి షెడ్డులో. నిన్న పుట్టినవి కూడా ఉండాయక్కా. ఇద్దరం మనుషులం బక్కెట్లతో పట్టలేక పోతాండాము. ఒకటి పొద్దున్నే పోయింది.”

అరగంటలో వచ్చేశాడు. పగిలిన కప్లింగూ, అదే కొలతలో ఎవరో తిప్పిచ్చిన కొత్త ఇనుప గొట్టం ముక్కా బల్ల మీద పెట్టి, మళ్ళీ దూడల దగ్గరికి పరుగెత్తాడు. చూడ్డానికి చిన్న పని. గొట్టం గోడలో నిలువునా ఒక గాడి, అంతే. ఎంత దించాలో, ఎంత వేగంతో తిప్పాలో, మీటరు ఎక్కడ ఆపాలో నాకు తెలుసు.

కానీ దాన్ని పట్టుకోవడం తెలీదు. పల్చటి గొట్టం. వైస్‌లో వదులుగా బిగిస్తే కట్టర్ తాకగానే గిర్రున తిరిగింది. గట్టిగా బిగిస్తే కోలగా నొక్కుకుపోయింది. వదులు చేసి, తిప్పి, కింద చెక్కముక్క పెట్టి మళ్ళీ బిగించాను. ఈసారి కట్టర్ తగలగానే గొట్టం ఎగిరి నా బొటనవేలి మీద పడింది. రక్తం వచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని ఆ గరాజ్ మధ్యలో నిలబడ్డాను. లెక్క సరిగ్గా ఉంది. మోటారు సరిగ్గా ఉంది. నా చేతులే చాలడం లేదు. అప్పుడు ఆయన వేళ్ళ మీద నాకు కలిగింది మామూలు అసూయ కాదు, ఏడుపొచ్చే అసూయ.

వాన్ ఆగిన చప్పుడైంది. దుర్గేష్ పక్కతలుపు తీసుకుని వచ్చాడు. కొరియర్ కంపెనీ పసుపు జాకెట్ మీంచి నీళ్ళు కారుతున్నాయి. నా వేలు చూశాడు, వైస్ చూశాడు, కింద పడ్డ గొట్టం చూశాడు.

“శ్రీవత్సదా?”

“ఊఁ. దూడలు పస్తులున్నాయండి. ఒకటి పోయిందంట.”

ఆయన ఇంకేమీ అడగలేదు. జాకెట్ విప్పి పక్కన పడేశాడు. ముందు నా వేలికి కట్టు కట్టాడు, చాలా గట్టిగా, దిమ్మకి కట్టినట్టు. తర్వాత మూల వెతికి ఒక అల్యూమినియం కడ్డీ తీశాడు. దాన్ని ఆకురాయితో తిప్పుతూ తిప్పుతూ, మధ్యమధ్య గొట్టంలో దూర్చి చూసుకుంటూ అరగదీశాడు. చివరికి కొంచెం గ్రీజు రాసి, సుత్తితో రెండు దెబ్బలు వేసి లోపలికి దిగ్గొట్టాడు. లోపల నిండుగా ఉంటే గొట్టం నొక్కుకుపోదు. నాకు తట్టనే లేదు. వీ ఆకారంలో కోసిన ఇనుపదిమ్మలో దాన్ని పడుకోబెట్టి, కింద కాగితం ముక్క పరిచి, పైనుంచి పట్టీ బిగించి, సుత్తితో మెత్తగా తట్టాడు. కాగితం లాగి చూశాడు. రాలేదు, గొట్టం సందు లేకుండా ఆనుకుంది. అంతా కలిపి నేను టీ కాచేంతసేపు పట్టిందేమో.

స్విచ్ వేశాడు. కట్టర్ తిరుగుతోంది. ఆయన హ్యాండ్‌వీల్ మీద చెయ్యి వేసి, కట్టర్‌ని ఇనుముకి ఆనీ ఆననట్టు దింపి, అక్కడ ఆగాడు. నావైపు చూడలేదు.

“ఎంత దించను?” అన్నాడు.

నేను మీటరు దగ్గరికి జరిగాను. మెషీన్ చప్పుడులో వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాడు, ఇంకాస్త గట్టిగా. “ఇందూ, ఎంత?”

“ముప్పావు,” అన్నాను.

సరిగ్గా ముప్పావు దించాడు. చక్రం తిప్పాడు. నేను మీటరు ముందు గొంతుక్కూర్చుని అంకెలు చదివాను. “రెండొందల పది… రెండొందల ముప్పై… అక్కడే ఉంచండి… కొంచెం తగ్గించండి… ఆఁ, పోనివ్వండి.” ఆయన పోనిచ్చాడు. కట్టర్ ఒక్కసారి కూడా అరవలేదు. గోడ తెగేదాకా ఆయన ఒక్కోసారి దించే ముందు నావైపు తల తిప్పడం, నేను తల ఊపడం.

ఎడెండేల్ చేరేసరికి పొద్దు కుంగుతోంది. షెడ్డులో గడ్డి, పాలు, పేడ కలిసిన వెచ్చటి వాసన. దూడలు కంచెకి మూతులు ఆనించి అరుస్తున్నాయి. దుర్గేష్ బండి కిందకి దూరి కప్లింగు బిగించాడు. నేను లైటు పట్టుకున్నాను. శ్రీవత్స ఇంజన్ వేశాడు. గొట్టాల్లోకి పాలు తోసుకొచ్చాయి. ఒక్కసారిగా అరుపులన్నీ ఆగిపోయి, నూరు నోళ్ళు చప్పరించే చప్పుడు మొదలైంది. బొడ్డుతాడు ఇంకా ఆరని ఒక లేగదూడ రబ్బరు చన్ను దొరక్క నా మోకాలు చీకుతుంటే, దాని మూతి పట్టుకుని తిప్పాను. దొరికింది. తోక గిలగిలా ఊపుకుంటూ తాగింది.

శ్రీవత్స కళ్ళు తుడుచుకుని, దుర్గేష్ రెండు చేతులూ పట్టుకున్నాడు. “అన్నా, నువ్వు లేకపోతే ఈ రోజు నా బతుకు అయిపోయుండేది. చెయ్యంటే నీదే అన్నా.”

దుర్గేష్ నవ్వాడు. “ఏముందిలే,” అన్నాడు. అంతే అన్నాడు.

నేను దూడ పక్కన గడ్డిలో కూర్చుని ఉన్నాను. నాకు కట్టు కట్టిన వేలు సలుపుతోంది, దానికంటే ఎక్కువగా ఇంకేదో సలుపుతోంది. చెప్పకూడదా? ఒక్క మాట. లెక్క ఇందుది అనకూడదా?

తిరిగి వచ్చేటప్పుడు సగం దారి దాటాక ఆయనే అన్నాడు. “నీ పేరు చెప్పాల్సింది.”

“చెప్పలేదుగా.”

“చెప్పబుద్ధి కాలేదు.”

అబద్ధం చెప్పి ఉంటే పోట్లాడేదాన్నే. నిజం చెప్పాడు. ఏం చెయ్యను? మా ఊరి పొలిమేరలో ఆగి, అక్కడ అమ్మే వేడివేడి చీజ్ రోల్స్ కొనుక్కుని కార్లోనే తిన్నాం. నా వేలు నొప్పి అని ఆయనే కాగితం విప్పి ఇచ్చాడు.

సెప్టెంబరులో డునెడిన్ నుంచి కబురొచ్చింది. అక్కడొక వర్క్‌షాప్‌లో మెషినిస్ట్ కావాలట. పోయినదాని కంటే పెద్ద మెషీన్. సోమవారం పొద్దున్నే వెళ్ళి శుక్రవారం సాయంత్రం రావాలి. దుర్గేష్ ఆ ఫోన్ పెట్టేసిన తర్వాత వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. పట్టలేని సంతోషం, దాన్ని నా దగ్గర ఎంత చూపించాలో తెలీని ఇబ్బంది. నేనే మాగాయ జాడీ మూత తీస్తూ, “వెళ్ళండి. బేకరీ వదిలి నేను రాలేను, మీరు వెళ్ళకుండా ఉండలేరు. శుక్రవారాలు చాలు మనకి,” అన్నాను.

బట్టలు సర్దుకున్నాక ఒకసారి గరాజ్‌లోకి వెళ్ళాడు. వెనకే వెళ్ళాను. మెషీన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“అక్కడ గదిలో ఖాళీ ఉంటుందంట,” అన్నాడు. “సాయంత్రాలకి దీన్ని తీసుకెళ్ళనా?”

“వద్దు,” అన్నాను.

అంత తొందరగా అంటానని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ఆయన తల ఊపి, చెయ్యి తీసేశాడు. ఈసారి ఏమీ తుడవలేదు.

మెషీన్‌తో పాటు పనులు కూడా నా దగ్గరే ఉండిపోయాయి. ఈతలు అయ్యాక ఫారాల వాళ్ళు తెచ్చే చిన్నాచితకా పనులు. బ్రాకెట్లు, గేటు ముక్కలు, ఒకావిడ కుట్టుమిషను పాదం. బేకరీ మేనేజరు విరిగిన ట్రే కొక్కెం ఒకటి తెచ్చాడు. పల్చటి వాటిని పట్టుకోవడం నెమ్మదిగా నేర్చుకుంటున్నాను. శుక్రవారాలు దుర్గేష్ వచ్చి చూస్తాడు. బాగుంటే బాగుందంటాడు, లేకపోతే గోరుతో తాకి ఊరుకుంటాడు. ఊరుకున్నది నేను మళ్ళీ చేస్తాను.

అక్టోబరులో ఒక బుధవారం సాయంత్రం, ఇంకా బోలెడు వెలుగుండగా, ఆయన ఫోన్ చేశాడు. మాటల్లో ఊపిరి ఆడటం లేదు.

“ఇందూ, ఇవాళ మొదటిసారి ఆ పెద్ద మెషీన్ నా చేతికిచ్చారు. ఇంతలావు ఇనుపదిమ్మ. ఎనిమిది మిల్లీమీటర్లు. ఒక్క దెబ్బకి! అది అసలు గమనించనే లేదు ఇందూ, గడ్డి కోసినట్టు పోయింది. ముక్కలు నీలంగా కాలిపోయి వానలా పడుతున్నాయి. వీడియో పంపించా చూడు.”

చూశాను. అద్దం వెనక నీళ్ళ జల్లులో, నా అరచేయంత కట్టర్ ఇనుము మీద తాపీగా నడుచుకుంటూ పోతోంది. వెనక నీలం ముక్కలు కుప్పలుగా పడుతున్నాయి. నేను నాలుగు మధ్యాహ్నాలు కోసేదాన్ని అది నేను చూస్తుండగానే కోసేసింది. మళ్ళీ చూశాను. ఇంకోసారి చూశాను.

“ఏంటి, మాట్లాడవు?” అన్నాడు ఫోన్‌లో. “ఇందూ? ఉన్నావా?”

“కుళ్ళుగా ఉంది,” అన్నాను.

అవతల దుర్గేష్ నవ్వాడు. చలికాలమంతా నేను వినని నవ్వు, కడుపులోంచి వచ్చే నవ్వు. నవ్వీ నవ్వీ ఊపిరి తీసుకుని, “హమ్మయ్య,” అన్నాడు.